కొత్తగా రాస్తున్నారా? ముందు పక్కవాళ్లది చదవండి

గుంటూరులో ఉండే మా పెదనాన్నగారి అమ్మాయి పోయినేడాది రాయడం మొదలుపెట్టింది. యాభై దాటిన మనిషి. ఫోన్లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు వాటంతటవే పడతాయని పిల్లలు చూపించారట, ఇక ఆగలేదు. మా నాయనమ్మ వంటింటి గురించి ఒక జ్ఞాపకం రాసి, అందరూ కలిసి రాసుకునే ఒక సైటులో రాత్రి పదకొండింటికి పెట్టింది. తెల్లారేసరికి పద్నాలుగు వ్యూస్. అందులో తొమ్మిది తనవే. మాటిమాటికీ తెరిచి చూసుకుంది మరి.

కామెంట్లు మూడొచ్చాయి. ఒకటి ‘బాగుందండి’. రెండోది ‘సూపర్ అండి, నా సీరియల్ కూడా చదివి రేటింగ్ ఇవ్వగలరు’. మూడోది ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ అడిగిన ప్రశ్న: ‘కందిపొడిలో వెల్లుల్లి మీరు వేయించి వేస్తారా, పచ్చిదే దంచుతారా?’ మా అక్క ఆ ప్రశ్నకు నాలుగు పేరాల జవాబు రాసింది. రోలు ఎక్కడుండేదో, మడి కట్టుకున్న రోజున వెల్లుల్లి మాటెత్తితే నాయనమ్మ ఎలా చూసేదో, అంతా వచ్చేసింది అందులో. అసలు టపా (పోస్టు) కన్నా ఆ జవాబే వందరెట్లు బాగుంది.

కొత్తగా రాయబోయేవాళ్లకు మన దగ్గర సలహాలకు కొదవ లేదు. రోజూ రాయండి, టైటిల్ అదిరిపోవాలి, బొమ్మ పెట్టండి, మీరు నలుగురిని ఫాలో అయితే ఆ నలుగురూ మిమ్మల్ని ఫాలో అవుతారు, లింకు వాట్సాప్ గ్రూపుల్లో పడేయండి. ఇవన్నీ బజార్లో కొట్టు తెరిచేవాడికి చెప్పే మాటలు. కలిసి రాసుకునే చోటికి వెళ్లడమంటే కొత్త వీధిలో అద్దెకు దిగడం లాంటిది. దిగిన రోజే అరుగు మీద మైకు పెట్టి ఉపన్యాసం దంచితే ఎవరు వింటారు? అందుకే నా మాట ఒకటే. మొదటి నెల ఏమీ రాయకండి. చదవండి, చదివినదాని కింద నాలుగు మాటలు రాయండి. మీ పేరు జనానికి తెలియాల్సింది అక్కడ.

ఇది నేను కొత్తగా కనిపెట్టినదేం కాదు. తెలుగు బ్లాగుల తొలి రోజులు చూసినవాళ్లందరికీ తెలుసు. అప్పట్లో కొత్తవాడి మొదటి కష్టం రాయడం కాదు, అక్షరం పడటం. చాలా కంప్యూటర్లలో తెలుగు బదులు డబ్బాలు కనిపించేవి. 2006 ప్రాంతంలో లేఖిని అనే సైటు వచ్చాక ఇంగ్లిష్ కీబోర్డుతోనే తెలుగు కొట్టడం చేతికొచ్చింది. ‘న’కు ఎన్ సరిపోతుంది, ‘ణ’ కావాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి. ఈ కిటుకు నేర్పడానికే, కంప్యూటర్లో తెలుగు వాడకం పెంచడానికి పనిచేసిన ఈ-తెలుగు అనే సంస్థ వాళ్లు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి టైపు చేయించేవారు. ఇక కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినుల్లో కొత్త టపాలన్నీ ఒకచోట కనిపించేవి. ఎవరు ఎక్కడ ఏం వ్యాఖ్య రాశారో చూపించే పేజీలు కూడా కొన్నింట్లో ఉండేవి. నా మటుకు నేను టపాల కన్నా ముందు ఆ వ్యాఖ్యల పేజీనే తెరిచేవాణ్ణి. ఒక పద్యంలో యతి తప్పిందని ఒకరంటే, కాదు అది ప్రాసయతి అని ఇంకొకరు, మధ్యలో ఓ అజ్ఞాత వచ్చి అగ్గి రాజేసి పోవడం. ఈ రగడలో ఎవరైనా కొత్తవాళ్లు ఒక మంచి మాట చెబితే చాలు, అందరూ ఆ పేరు మీద నొక్కి వాళ్ల బ్లాగుకు వెళ్లేవారు. ఒక్క వ్యాఖ్యతో పాఠకుల్ని సంపాదించుకున్న వాళ్లున్నారు.

ఇప్పుడు అక్షరం పడటం కష్టమే కాదు. మాట్లాడితే చాలు, టైపు అయిపోతోంది. దాంతో లెక్క తిరగబడింది. రాసేవాళ్లు కోకొల్లలు, చదివేవాళ్లు కరువు. సైటు తెరిస్తే ‘ఎపిసోడ్ 87’, ‘ఎపిసోడ్ 88’. రాసినవాళ్లు ఒకరిది ఒకరు చదవరు. ‘బాగుందండి’ అని మాత్రం ఇచ్చిపుచ్చుకుంటారు. పెళ్లిలో ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ ‘భోంచేశారా’ అని అడుగుతాం చూడండి, జవాబు వినకుండానే ముందుకెళ్లిపోతాం, అచ్చం అలాగే. కరువులో విలువ దేనికుంటుంది? దొరకనిదానికి. కాబట్టి ఈ వీధిలో చెల్లే నాణెం రాత కాదు, శ్రద్ధగా చదవడం. ఆ నాణెం ఖర్చు లేకుండా మీ చేతిలోనే ఉంది.

అయితే వ్యాఖ్యంటే ఏమిటో కూడా చెప్పాలి. పొగడ్త వద్దు, పాండిత్య ప్రదర్శన అసలే వద్దు. చదువుతుంటే మీ కళ్లు ఆగిన వాక్యం ఏదో చెప్పండి. ‘మీ కథలో బస్సు చిలకలూరిపేటలో ఆగినప్పుడు ఆ పెద్దాయన ఎందుకు దిగలేదు?’ అని అడగండి. ‘మా వైపు దీన్ని ఇలా అనరు, ఇలా అంటారు’ అని చెప్పండి. శ్రీకాకుళం మాట, నెల్లూరు మాట, పాలమూరు మాట పక్కపక్కన పడేది ఇలాంటి చోట్లే. ‘ఆనపకాయ’ అన్నందుకు ‘సొరకాయ’ వాళ్లు ఇరవై కామెంట్లు రాస్తారు. పత్రికల్లో ఎడిటరు కూర్చుని ఈ తేడాలన్నీ చదును చేసేస్తాడు, ఇక్కడ ఆ చదును లేదు. రాయడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి బడి నాకు కనిపించలేదు. పైగా వ్యాఖ్య రాసేటప్పుడు మనకు టెన్షన్ ఉండదు, గొంతు మనదే ఉంటుంది. టపా రాయమంటే చాలు, అందరికీ పూనకం వచ్చి ‘ఉషోదయ కిరణాలు ధరణిని ముద్దాడుతున్న వేళ’ అని మొదలెడతారు.

రోజూ రాస్తేనే చెయ్యి తిరుగుతుంది కదా అంటారు. నిజమే, తిరుగుతుంది. వ్యాఖ్యలు రాసినా తిరుగుతుంది. నెలంతా ఊరుకుంటే సైటు లెక్కల్లో వెనకబడతాం అని ఇంకొందరి భయం. మొదటి నెలలో ఎలాగూ ముందుండరు, బెంగ ఎందుకు?

నన్ను నిజంగా బెంగపెట్టే విషయం వేరే ఉంది. ఇంతకీ మనం రాస్తున్నది ఎవరి గోడ మీద? 2012 ప్రాంతంలో నేనూ ఒక సైటులో పదిహేడు వ్యాసాలు రాశాను. ఓ రోజు తెరిస్తే పేజీ లేదు. నోటీసు పంపామన్నారు, ఏ పాత మెయిలుకు పంపారో! వ్యాసాలు కొన్ని కంప్యూటర్లో దొరికాయి. వాటి కింద జరిగిన మాటలు ఒక్కటీ దొరకలేదు. ఒక వ్యాసంలో నేను తప్పు రాస్తే, ఒక రిటైర్డ్ మాస్టారు ఆధారాలతో సహా దిద్దారు. ఇప్పుడు నా దగ్గర తప్పు భద్రంగా ఉంది, దిద్దుబాటు పోయింది.

ఇది నా ఒక్కడి గోడు కాదు. ‘రచ్చబండ’ లాంటి తెలుగు చర్చా బృందాలు నడిచింది యాహూ గ్రూపుల్లో. ఆ గ్రూపులే 2020 డిసెంబరులో మూతపడ్డాయి. బ్లాగర్లు సాయంత్రాలు కాలక్షేపం చేసిన గూగుల్ బజ్ 2011లో పోయింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో. 1924లో మొదలైన సాహిత్య పత్రిక ‘భారతి’ పాత సంచికల స్కాన్లు ఇవాళ నెట్లో తెరిచి చదువుకోవచ్చు. 2008లో తెలుగువాళ్లు రాత్రంతా మేలుకుని వాదించుకున్న మాటలు మాత్రం ఎన్నో వెతికినా దొరకవు. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని తాటాకుల నుంచి శుద్ధప్రతులు రాయించాడని గొప్పగా చెప్పుకుంటాం. మన ఫోన్లో ఉన్నదానికి మనం ఒక నకలు తీసుకోం.

మనకు పుస్తకమంటే గౌరవం, మాటంటే చులకన. అందుకే ఎవరైనా తమ టపాలు పుస్తకంగా వేసుకున్నా, కింది వ్యాఖ్యలు కత్తిరించేస్తారు. అవి చెత్త అని కాబోలు. కందిపొడి ప్రశ్న తీసేస్తే మా అక్క రాతలో మిగిలేది ‘ఆ రోజుల్లో అన్నీ బాగుండేవి’ అనే ఒక ముక్క. అది ఎవరైనా రాస్తారు. సైటు నడిపేవాళ్లు రాతతో పాటు వ్యాఖ్యల్ని కూడా ఒక్క నొక్కుతో దించుకునే వీలు ఇవ్వాలి. గూగుల్ వాళ్ల ‘బ్లాగర్’ లాంటి సైట్లలో ఈ సదుపాయం ఎప్పటినుంచో ఉంది, మిగతావాళ్లకు ఏం అడ్డమొచ్చిందో నాకు అర్థం కాదు. చేరే ముందు కొత్తవాళ్లు వెతకాల్సిన మీట అది. దొరక్కపోతే మొదటి రోజు నుంచే కాపీ చేసి పెట్టుకోవడం తప్ప దారి లేదు.

మా అక్కకు ఈ సంగతి చెబితే, పిల్లలు సగం రాసి వదిలేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి, తన రాత కింద వచ్చిన ప్రశ్నలూ జవాబులూ పెన్నుతో ఎక్కించడం మొదలుపెట్టింది. కంప్యూటర్లో దాచుకోవచ్చే అంటే వినలేదు. రెండో టపా ఇంకా పెట్టలేదు. కందిపొడి ఆవిడ రాస్తున్న సీరియల్ చదువుతోందట, ఇరవై మూడో భాగంలో ఉంది. మొన్న ఫోన్ చేసి, ‘ఒరేయ్, ఈవిడ సీరియల్లో అత్తగారు బొత్తిగా కుదర్లేదురా. అన్నం పెట్టేటప్పుడు ఏ అత్తయినా అలా మాట్లాడుతుందా? రాయనా, బాధపడుతుందా?’ అంది.

రాయమన్నాను.