బార్‌లో ఫ్లాష్ చేసిన పని

సూపర్‌హీరోల జట్టు కథతో వచ్చిన అమెరికన్ కార్టూన్ సీరియల్ ‘జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్’ చూసినవాళ్లకి, మెరుపు వేగంతో పరుగెత్తే ఫ్లాష్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు గంభీరంగా నిలబడితే మధ్యలో జోకులేసేది అతనే. అతన్ని ముందు పెట్టి 2006లో వచ్చిన ‘ఫ్లాష్ అండ్ సబ్‌స్టన్స్’ని చాలామంది ఒక సరదా ఎపిసోడ్ అని సరిపెట్టేస్తారు. నన్నడిగితే, ఆ సీరియల్ మొత్తంలో అసలైన హీరో పని జరిగింది అందులోనే. అదీ ఫ్లాష్ పరుగెత్తుతున్నప్పుడు కాదు, బార్‌లో ఒక విలన్ పక్కన కూర్చున్నప్పుడు.

కథ ఇదీ. ఫ్లాష్ ఉండే సెంట్రల్ సిటీలో అతని పేరున మ్యూజియం తెరుస్తుంటే, కెప్టెన్ కోల్డ్ అనే విలన్ ముఠా అతన్ని చంపడానికి ప్లాన్ వేస్తుంది. ఆ సంగతి తెలిసిన ఇంకో విలన్ ట్రిక్‌స్టర్ బార్‌లో దొరుకుతాడు. ఫ్లాష్‌తో వచ్చిన బ్యాట్‌మ్యాన్, జట్టులోని ఇంకో యోధుడు ఒరాయన్ అయితే భయపెట్టి నిజం కక్కించేవాళ్లే. ఫ్లాష్ వాళ్లని ఆపి, అతన్ని జేమ్స్ అని పేరు పెట్టి పలకరిస్తాడు. మానసిక జబ్బుకి వాడాల్సిన మందులు మానేశావు కదూ అంటాడు. ఆ విలన్ వేషం మళ్లీ ఎందుకు వేసుకున్నావని అడిగితే, ట్రిక్‌స్టర్ తల దించి తన ఒంటి మీది బట్టలు చూసుకుని ఆశ్చర్యపోతాడు. వేసుకున్న సంగతే అతనికి తెలీదు! ఆస్పత్రికి తిరిగి వెళ్తే చూడ్డానికి వస్తాను, కలిసి డార్ట్స్ ఆడదాం అని ఫ్లాష్ మాటిస్తాడు. ట్రిక్‌స్టర్ గుట్టంతా చెప్పేస్తాడు. గ్లాసులోది తాగేశాక వెళ్లి లొంగిపొమ్మంటే సరేనంటాడు.

ఆ ట్రిక్‌స్టర్‌కి గొంతు ఇచ్చింది హాలీవుడ్ నటుడు మార్క్ హామిల్. ఏళ్ల తరబడి కార్టూన్లలో బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్‌గా మనల్ని వణికించిన గొంతు అది. జోకర్‌గా ఆ గొంతు వినిపించినప్పుడల్లా బ్యాట్‌మ్యాన్ దగ్గర దానికి జవాబు పిడికిలే. జోకర్‌ని ఎన్నిసార్లు కొట్టి లోపల వేయించినా మళ్లీ బయటికొచ్చేవాడు, బ్యాట్‌మ్యాన్ మళ్లీ కొట్టేవాడు. ఇక్కడ అదే గొంతు, అదే బ్యాట్‌మ్యాన్ కళ్లముందే, నాలుగు మంచి మాటలకి మెత్తబడిపోయింది. జట్టులో ఎవరూ సీరియస్‌గా తీసుకోని మనిషి వల్ల అయిన పని ఇది.

నేరం చేసేవాణ్ని బార్‌లో వదిలేసి వెళ్లడం బాధ్యత లేని పని కదా అనేవాళ్లున్నారు. అర్థం లేని మాటేం కాదు. కానీ ఫ్లాష్ అతన్ని మొదటిసారి కలవలేదు. అతని జబ్బు తెలుసు, వాడాల్సిన మందుల సంగతి తెలుసు. మనిషి తెలుసు కాబట్టే నమ్మాడు.

చివర్లో ఒరాయన్ ఒక మాటంటాడు. లోపలి బాధని దాచుకోవడానికే నువ్వు కోతి వేషాలు వేస్తున్నావని నాకిప్పుడు అర్థమైందని. మనం ఏ కమెడియన్ చనిపోయినా రాసే ‘నవ్వుల వెనక కన్నీళ్లు’ సరిగ్గా ఇదే. ఫ్లాష్ ఒప్పుకోడు. దొంగలు దొరికారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇవాళ మంచి రోజు, అంతే అంటాడు. నవ్వించేవాడికి ఏదో ఒక విషాదం అంటగడితే తప్ప మనం గౌరవం ఇవ్వం. ఈ ఎపిసోడ్ ఆ షరతు లేకుండానే ఇచ్చింది.

ఇది చూసినప్పుడల్లా మన సినిమాలు గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఎర్రగడ్డ అనే నాలుగక్షరాలు పలికితే చాలు, థియేటర్‌లో నవ్వులు. విశాఖలో పెద్ద వాల్తేరు పేరుకీ అదే గతి. అవి రోగులకి వైద్యం చేసే ఆస్పత్రులున్న చోట్లు. మానసిక వైద్యం పొందడం హక్కని 2017 చట్టం చెప్పింది. మన కామెడీ ట్రాకులకి మాత్రం ‘పిచ్చాసుపత్రి నుంచి పారిపోయి వచ్చాడు’ అన్న డైలాగ్ ఇంకా పాతబడలేదు. ఆ డైలాగ్ విని ఇంట్లో మందుబిళ్ల దాచుకుని మింగే కుర్రాడు ఏమనుకుంటాడో రాసేవాళ్లకి పట్టదు.

వాళ్లు ఆ బార్ సీన్ ఒక్కసారి చూడాలి. ట్రిక్‌స్టర్ తన బట్టలు తాను చూసుకునే చోట మనకి నవ్వొస్తుంది. పక్కన కూర్చున్న ఫ్లాష్ మాత్రం ఎగతాళి చెయ్యడు.