శవంతో పాటు కాగితాలూ రావాలి

చెన్నైకి సెంట్రింగ్ పనికి వెళ్లిన మనిషి అక్కడ లారీ కింద పడి చనిపోతే, ఒకటి రెండు రోజుల్లో అంబులెన్సు మన శ్రీకాకుళం జిల్లా కవిటి దాకా వచ్చేస్తుంది. మేస్త్రి, తోటి కూలీలు తలా ఇంత వేసుకుని పంపిస్తారు. శవంతో పాటు ఒక సెల్‌ఫోను, బట్టల సంచి, ఖర్చులకని ఎవరో చేతిలో పెట్టిన కాస్త డబ్బు వస్తాయి. ఎఫ్‌ఐఆర్‌ కాపీ మాత్రం రాదు. ఏ స్టేషన్లో కేసు కట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక, ఇన్సూరెన్సు వస్తుందట కదా అని ఎవరో గుర్తు చేస్తారు. అప్పటికి లారీ నంబరు చెప్పగలిగిన తోటి కూలీ ఇంకో సైటుకి వెళ్లిపోయి ఉంటాడు.

ఇచ్ఛాపురం, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇది కొత్త కథ కాదు. కొత్తగా చెప్పుకోవలసింది ఒక్కటే. ఆ కేసు కోసం చెన్నై కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధిత కుటుంబం తాము నివసించే ప్రాంతంలోని మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్‌లోనే పరిహారం కోరవచ్చు. అంటే కవిటి ఇల్లాలు శ్రీకాకుళం జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. వలసపోయే జనాన్ని చూసే రాశారా అనిపించే వెసులుబాటు ఇది. కానీ తమిళంలో ఉన్న ఎఫ్‌ఐఆర్‌, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు తెప్పించేదెవరు? తెలుగులోకి మార్పించేదెవరు? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆ కాగితాల విలువెంతో ఒక లెక్క వేసి చూద్దాం. 35 ఏళ్ల తాపీమేస్త్రి, నెలకు 12 వేలు సంపాదిస్తాడు, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకుందాం. ఏడాదికి 1,44,000. సొంతంగా పనిచేసుకునే 40 ఏళ్లలోపు వాడికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేథి కేసులో చెప్పింది. కలిపితే 2,01,600. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 1,51,200. ఆ వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టికలో ఉన్న గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, 16. గుణిస్తే 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వగైరా దీనికి అదనం. తప్పు లారీ డ్రైవరుదని, ఆదాయం ఇంతని ట్రిబ్యునల్ ముందు నిలబెట్టాలి, నిజమే. మృతుడి తప్పూ కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గుతుంది. అయినా శవం లేవకముందే లారీ యజమాని మనిషి వచ్చి లక్షో రెండు లక్షలో ఇస్తానని, కేసు లేకుండా తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే, ఆ సంతకంతో ఏం పోతోందో ఆ ఇంటివాళ్లకు తెలియాలి కదా.

తప్పెవరిదో నిరూపించలేకపోయినా అదే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. గుద్దిన బండి ఏదో తేలకపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఉన్నాయి. ఈ ఒక్కదానికి మాత్రం ప్రమాదం జరిగిన చోటి అధికారికే దరఖాస్తు చేసుకోవాలి. సొంత బైకు మీద వెళ్తూ జారిపడి చనిపోయినవాడి ఇంట్లో ఆ బండి పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. యజమాని ప్రమాద బీమా కట్టి ఉంటే, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే, 15 లక్షల కవరేజీ ఉంటుంది. బీరువాలోనే ఉండిపోతున్న పాలసీలు ఎన్నో.

గడువు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిం వేయాలి. దీన్ని సవాలు చేస్తూ వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆ తీర్పు మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం మాత్రం తెలివైన పని కాదు. అదే ఏడాది వచ్చిన నిబంధనలు పోలీసుల మీదా బాధ్యత పెట్టాయి. 48 గంటల్లో ప్రమాదం తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు అందాలి. నివేదిక ఇచ్చారా అని స్టేషన్లో అడగగలిగే మనిషి ఆ ఇంటి తరఫున ఒకరుంటే కథ వేరేగా నడుస్తుంది.

ఆ మనిషి లేనిచోట దళారి వస్తాడు. ఆసుపత్రి వార్డులోనే పరిచయమవుతాడు, ఖర్చంతా తానే పెట్టుకుంటానంటాడు, వచ్చినదాంట్లో ఇంత శాతం అంటాడు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. ఈ పద్ధతికి దూరంగా నిజాయితీగా కేసులు నడిపే ప్లీడర్లు మన కోర్టుల్లో చాలామందే ఉన్నారు. ఉన్నారు కానీ, వాళ్లు వార్డుల్లోకి రారు. దళారి వస్తాడు.

డబ్బు వచ్చాక ఇంట్లోనే రెండో తగాదా మొదలవుతుంది. కోడలు పుట్టింటికి వెళ్లిపోయిందని అత్తమామలు, నగలు లాక్కున్నారని కోడలు. పరిహారంలో ఎవరి వాటా ఎంతో తేల్చేది ట్రిబ్యునల్. మైనర్ పిల్లల వాటాను మేజర్ అయ్యేదాకా సాధారణంగా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన భార్య హక్కు పోదని హైకోర్టులు చెప్పాయి. ఊళ్లో పెద్దమనుషులు మాత్రం ఇప్పటికీ వాటా వదులుకుంటేనే మారుమనువుకు ఒప్పుకుంటామంటున్నారు. మగపిల్లాణ్ని ఇచ్చేసి వెళ్లమన్న పంచాయితీలూ ఉన్నాయి.

భర్త బతికే ఉండి, వలస వెళ్లినచోట ఇంకో కాపురం పెట్టి, ఫోను ఎత్తడం మానేసిన ఇళ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. చట్టం ఇక్కడా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. మనోవర్తి కేసు, గృహహింస కేసు, విడాకుల పిటిషను, మూడూ భార్య తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. మధ్యంతర భరణం మీద నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను అంటోంది. పిటిషను వేసిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలని, ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పాలని 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి మంచి మాటలతో తిరిగొస్తాడేమోనని రెండేళ్లు ఎదురుచూసిన ఆడపిల్లకు ఆ రెండేళ్ల భరణం పోయినట్టే. ఇక భర్త అడ్రసు సరిగ్గా లేక సమన్లు తిరిగొచ్చేస్తే కేసు ఏ వాయిదాకీ కదలదు. చిరునామా, అతని మేస్త్రి ఫోను నంబరు, డబ్బు పంపిన బ్యాంకు రసీదులు ముందే దాచుకోమని ఆమెకు చెప్పేవాళ్లు కావాలి.

చెప్పాల్సిన వ్యవస్థ లేక కాదు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, కోర్టు ఫీజూ వాళ్లే భరిస్తారు. శ్రీకాకుళంలో జిల్లా సంస్థ ఉంది, కోర్టులున్న పట్టణాల్లో మండల కమిటీలున్నాయి, 15100కు ఫోను చేసినా చాలు. ఫ్రీ లాయరు అంటే మనసు పెట్టి చేయడనే అనుమానం జనంలో ఉంది. అది పూర్తిగా అపోహ అని మేము అనలేం. వాయిదాకి రాని ప్యానెల్ లాయరును మార్చమని అడగవచ్చని కూడా ఎవరూ చెప్పరు.

జిల్లా సంస్థను మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో, టెక్కలి ఆసుపత్రిలో ఒక పారా లీగల్ వాలంటీరును, అంటే చట్టం సంగతులు చెప్పి సాయపడే సంస్థ కార్యకర్తను, రోజూ కూర్చోబెట్టండి. బయటి రాష్ట్రంలో చనిపోయినవారి కాగితాల కోసం అక్కడి న్యాయసేవాధికార సంస్థకు ఇక్కడి నుంచే ఉత్తరం రాయండి. ప్రతి రాష్ట్రంలోనూ ఆ సంస్థ ఉంది, ఆ పని ఆ కుటుంబం మీద పడేయనక్కర్లేదు. తెలుగు అనువాదం ఖర్చు భరించండి. ఇక ఊళ్లో చావు జరిగిన ఇంటికి పింఛను కాగితాల కోసం సచివాలయం సిబ్బంది ఎలాగూ వెళ్తారు. వెళ్లినప్పుడు పోలీసు స్టేషను పేరు, ఎఫ్‌ఐఆర్‌ నంబరు, బండి నంబరు, పోస్టుమార్టం జరిగిన ఆసుపత్రి, ఈ నాలుగూ తోటి కూలీలను అడిగి రాసుకోమని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. అంబులెన్సులో వెంట వచ్చిన మనిషి తిరుగు రైలెక్కేలోపే ఆ పని జరగాలి.