యంత్రం మీద న్యాయ విచారణ జరిపించాలి

వంతెన కూలినా, ప్రశ్నపత్రం బయటికి పొక్కినా మన ప్రభుత్వాలు ఆలస్యం చేయకుండా విచారణ సంఘం వేస్తాయి. అలాంటిది, టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టు ప్రత్యర్థి గోలు మీదికి 58 షాట్లు సంధించి, అందులో ఒక్కటీ లోపలికి పంపలేక, బోస్టన్ బ్రూయిన్స్ చేతిలో 1-0 తేడాతో ఓడిపోతే ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ నోరు మెదపలేదు. ఆ మ్యాచ్ జరిగింది కెనడాలోని మిసిసాగాలో, ఒక అపార్ట్‌మెంటు పడకగదిలో, ల్యాప్‌టాప్ లోపల, ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్ అనే వీడియో గేమ్‌లో కాబట్టి అది తమ పరిధిలోకి రాదని అధికారులు వాదించవచ్చు. మ్యాచ్ ఎక్కడ జరిగితేనేం, అన్యాయం మాత్రం మన మనిషికే జరిగింది. ఆ జట్టు మేనేజరు అచ్చ తెలుగువాడు. పగలంతా ఎవరి కోసమో సాఫ్ట్‌వేర్ రాసి, రాత్రి పిల్లలు పడుకున్నాక టొరంటో భవిష్యత్తును భుజాన వేసుకునే బాధ్యత గల పౌరుడు.

నేపథ్యం తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, ఐస్ హాకీ. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు మైదానం మీద, గోల్‌కీపరుతో కలిపి జట్టుకు ఆరుగురు చొప్పున, స్కేట్లు కట్టుకుని, పక్ అనే నల్లని రబ్బరు బిళ్ల వెంట పడే ఆట. ఈ వీడియో గేమ్‌లో ఆ ఆటను మనం ఆడం, ఆడిస్తాం. ఫిన్‌లాండ్‌కు చెందిన రిస్తో రెమెస్ దీన్ని మొదట్లో ఉచితంగా పంచిపెట్టాడు. ఫుట్‌బాల్ మేనేజర్ తయారు చేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ 2004లో దీన్ని దుకాణాల్లోకి తెచ్చింది; కొన్నేళ్లు మూలన పడ్డాక 2015లో మళ్లీ బయటికి తీసింది. ఇందులో ఆటగాడి స్కేటింగ్ నుంచి ధైర్యం, నాయకత్వం, కష్టపడే తత్వం దాకా ప్రతి గుణానికీ 1 నుంచి 20 వరకు మార్కులుంటాయి. మన పెళ్లిచూపుల్లో కూడా ఇంత నిష్కర్షగా వేయరు. ఆ మార్కులు చూసి ఎవరిని తెచ్చుకోవాలో, ఎవరిని వదులుకోవాలో, జీతాల పరిమితి దాటకుండా ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ ముగ్గురిని ఒకే వరసలో ఆడించాలో తేల్చుకోవడమే మేనేజరు పని. ఆ తరవాత ఒక బటన్ నొక్కాలి. పైనుంచి చూసినట్టు గీసిన మైదానంలో చుక్కలు పరుగెడతాయి, పక్కనే వ్యాఖ్యానం అక్షరాల్లో వస్తూ ఉంటుంది. అప్పుడప్పుడు వరసలు మార్చడం తప్ప, తెర ముందున్న మనిషి చేయగలిగింది కుర్చీ అంచుకు జరగడమే.

ఇక ఘటన. ఆటలో అది 2038వ సంవత్సరం. నిజ జీవితంలోని ఆటగాళ్లందరూ ఎప్పుడో విరమించారు. మంచు మీద ఉన్న వాళ్లంతా కంప్యూటరు పుట్టించి పేర్లు పెట్టిన వాళ్లే. ప్లేఆఫ్స్, అంటే సీజను చివర ఓడినవాళ్లు ఇంటికి పోయే దశ, మొదటి రౌండులో టొరంటో, బోస్టన్ చెరి మూడు మ్యాచ్‌లు గెలిచాక ఏడోది నిర్ణాయకమైంది. టొరంటో 1967 తరవాత లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలవలేదని, అప్పటికి లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లని, ఇప్పుడు 32 అని తెలిసిన వారికి ఆ రాత్రి బరువు అర్థమవుతుంది. మూడు పీరియడ్లు ముగిసేసరికి ఒక్క గోలూ లేదు. ప్లేఆఫ్స్‌లో సమంగా ఉంటే ఇరవై నిమిషాల ఓవర్‌టైమ్ ఆడిస్తారు, మొదట గోలు కొట్టినవాడిదే గెలుపు. బోస్టన్ గోల్‌కీపరు, కంప్యూటరు పుట్టించిన ఇరవై రెండేళ్ల ఫిన్‌లాండ్ కుర్రాడు, అప్పటికి యాభై ఎనిమిదింటినీ ఆపేశాడు. ఓవర్‌టైమ్ పన్నెండో నిమిషంలో బోస్టన్ నాలుగో వరసలోని ఒక ఆటగాడు, షాట్ కొట్టే నేర్పులో ఇరవైకి నాలుగు మార్కులు వచ్చినవాడు, పక్‌ను గోల్లోకి నెట్టాడు. బోస్టన్‌కు మొత్తం మీద అది పదమూడో షాట్.

మేనేజరు మొదటి ఆరోపణ తీవ్రమైనది. గేమ్ తయారు చేసినవాడు ఫిన్‌లాండ్ వాడు, గోలు కాపాడినవాడూ ఫిన్‌లాండ్ వాడే; ఇది కాకతాళీయమా? ఈ కోణంలో దర్యాప్తు చేయాల్సిందే. అయితే ఆ గోల్‌కీపరును రెండేళ్ల క్రితం టొరంటోయే ఎంపిక చేసుకుని, పనికిరాడని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, రెండో రౌండు అవకాశానికి బదులుగా బోస్టన్‌కు ఇచ్చేసిందని రికార్డులు చెబుతున్నాయి. ఆ మార్పిడి మీద సంతకం ఎవరిదన్న ప్రశ్న విచారణ పరిధిలోకి రాకుండా చూడాలని మేనేజరు విజ్ఞప్తి.

రెండో ఆరోపణ గణితానికి సంబంధించింది. ఈ ఆటలో గోల్‌కీపర్లు వందకు తొంభై షాట్ల దాకా ఆపుతారు. పదింటికి ఒకటి చొప్పున 58 షాట్లకు ఆరు గోల్స్ దాకా రావాలి. ఒక్కటీ రాకపోవడం అసంభవమని మేనేజరు వాదన. నిపుణుల లెక్క ఆయనను నిరాశపరచవచ్చు. ఒక్కో షాట్ ఆగే అవకాశం నూటికి తొంభై అయితే వరసగా 58 ఆగే అవకాశం వెయ్యిలో రెండు. అంటే అలాంటి మ్యాచ్‌లు నాలుగైదు వందలు జరిగితే అందులో ఒకటి ఇలాగే ముగుస్తుంది. ఆటలో పద్నాలుగు సీజన్లు, సీజనుకు 82 మ్యాచ్‌ల చొప్పున నడిపిన మనిషికి అది ఎప్పుడో ఒకప్పుడు ఎదురు కావాల్సిందే. అయితే యంత్రం దాన్ని ఏడో మ్యాచ్‌కే దాచి ఉంచాల్సిన అవసరం ఏమిటన్నదే మేనేజరు ప్రశ్న. దీనికి గణితశాస్త్రంలో జవాబు లేదు; జ్యోతిషంలో దొరకవచ్చు.

విచారణ సంఘానికి అసలు చిక్కు మరో చోట వస్తుంది. ఇలాంటివి నిజంగా జరగవు కాబట్టి గేమ్ తప్పుడుదని తేల్చాలనుకుంటే, నిజమే అడ్డం తిరుగుతోంది. 1936 మార్చి 24న మాంట్రియల్‌లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్, మాంట్రియల్ మరూన్స్ ఆరో ఓవర్‌టైమ్ దాకా ఆడి, తెల్లవారుజామున 1-0తో ముగించాయి. డెట్రాయిట్ గోల్‌కీపరు నార్మ్ స్మిత్ తొంభై దాకా షాట్లు ఆపాడు. గెలుపు గోలు కొట్టిన మడ్ బ్రూన్‌టో ఆ ఏడాదే జట్టులోకి వచ్చిన కొత్తవాడు. 2020 ఆగస్టు 11న కొలంబస్ గోల్‌కీపరు యోనాస్ కోర్పిసాలో టాంపా బే మీద 85 షాట్లు ఆపి, అయిదో ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడిపోయాడు. కోవిడ్ రోజులు కావడంతో అది టొరంటోలో, ప్రేక్షకులు లేని స్టేడియంలో జరిగింది. కోర్పిసాలో ఏ దేశస్థుడో చెప్పాల్సి రావడం ఇబ్బందికరమే: ఫిన్‌లాండ్.

ఇంతకంటె విడ్డూరం అదే ఏడాది ఫిబ్రవరి 22న జరిగింది. కరోలినా హరికేన్స్ గోల్‌కీపర్లిద్దరూ గాయపడితే, అత్యవసరానికి అందుబాటులో ఉన్న డేవిడ్ ఏయర్స్ అనే నలభై రెండేళ్ల మనిషిని దింపారు. స్థానిక స్టేడియంలో నిర్వహణ పనులు చూసుకుంటూ, అవసరమైనప్పుడు మంచును చదును చేసే బండి కూడా నడిపిన మనిషి, పైగా మూత్రపిండ మార్పిడి జరిగినవాడు. మొదటి రెండు షాట్లు వదిలేసి, ఆ తరవాత వచ్చిన ఎనిమిదీ ఆపేశాడు. కరోలినా 6-3తో గెలిచింది. ఓడిన జట్టు టొరంటో, అది కూడా సొంత మైదానంలో. ఇదే సన్నివేశం వీడియో గేమ్‌లో వచ్చి ఉంటే మేనేజరు తయారీదారులకు ఉత్తరం రాసేవాడు. వాళ్లు క్షమాపణ చెప్పి మర్నాడే సరిదిద్దేవాళ్లు. వాస్తవాన్ని ఎవరూ సరిదిద్దలేదు, అందుకే అది చరిత్రలోకి ఎక్కింది.

సాక్షుల వాంగ్మూలాలు కూడా మేనేజరుకు అంతగా అనుకూలించవు. ఘటన సమయంలో ఇంట్లోనే ఉన్న ఆయన శ్రీమతి, "ఏవండీ, ఆ చుక్కలు ఓడిపోయాయి కదా, ఇకనైనా వచ్చి అన్నం తినండి" అని తప్ప తాను మరేమీ అనలేదని చెప్పారు. బావమరిది మాత్రం, "బావా, గెలిచిన రోజు నా వరసలు, నా వ్యూహం అన్నావు. ఓడితే అల్గారిథమ్ అంటున్నావు. రెండు రోజులూ నువ్వు నొక్కింది ఒకే బటన్ కదా?" అని అడిగినట్టు తెలిసింది. ఇది సాక్షి స్థాయికి తగని ప్రశ్న. కిందటి నెల ఒటావాను 9-1తో చిత్తు చేసినప్పుడు మేనేజరు తెర ఫొటో తీసి బంధువులందరికీ పంపాడన్న మాట నిజమే. ఆ రోజు యంత్రం న్యాయంగా పనిచేసింది కాబట్టి దాని గురించి విచారణ అక్కర్లేదు.

తీర్పు నచ్చనివాడికి పునర్విచారణ కోరే హక్కు ఉంటుంది. ఆ హక్కును మేనేజరు సేవ్ ఫైల్ ద్వారా వినియోగించుకున్నాడు: ప్రోగ్రామును మూసి, మ్యాచ్‌కు ముందున్న ఫైలు తెరిచి, అదే మ్యాచ్ మళ్లీ ఆడించాడు. ఈసారి టొరంటో మూడో పీరియడ్‌లో 4-1 ఆధిక్యంలో ఉండి, ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడింది. 2013 మే 13న బోస్టన్‌లో నిజంగా జరిగినది అక్షరాలా ఇదే. అదీ ఏడో మ్యాచే, అదీ మొదటి రౌండే. చివరి నిమిషంన్నర లోపే బోస్టన్ రెండు గోల్స్ కొట్టి సమం చేసింది, ఓవర్‌టైమ్‌లో పాట్రిస్ బెర్జరాన్ ముగించాడు. ఆ తరవాత 2018, 2019, 2024లోనూ బోస్టన్ చేతిలో టొరంటో ఏడో మ్యాచ్‌లోనే ఓడింది. దీంతో యంత్రం పాత కక్షలు చదువుకుని వచ్చిందన్న అనుమానం మేనేజరుకు బలపడింది. మరికొన్ని పునర్విచారణలు సాగాయి. చివరికి టొరంటో 3-2తో గెలిచిన ఫలితాన్ని ఆయన సహజ న్యాయ సూత్రాలకు అనుగుణమైనదిగా ప్రకటించి, మిగతావన్నీ చెల్లవని తీర్పు చెప్పి, నిద్రకు ఉపక్రమించాడు.

రెండో రౌండులో టొరంటో వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడింది. యాజమాన్య బోర్డు, అదీ కంప్యూటరు పుట్టించినదే, ఆయనను మర్యాదగా రెండు వాక్యాల్లో ఉద్యోగం నుంచి తీసేసింది. ఆ రాత్రే ఆయన ఖాళీగా ఉన్న మేనేజరు పదవులు వెతికి దరఖాస్తులు పెట్టగా, ముందుగా పిలుపు వచ్చింది బోస్టన్ నుంచి. ఆ ఫిన్‌లాండ్ కుర్రాడు ఇప్పుడు ఆయన జట్టే. మొన్న 41 షాట్లు ఆపి టొరంటోను 1-0తో ఓడించాడట. గోల్‌కీపర్లను ఈ గేమ్ ఎంత వాస్తవికంగా చూపిస్తుందో బావమరిదికి ఆయన గంటసేపు వివరించాడని, విచారణ డిమాండును మాత్రం ఉపసంహరించుకుంటున్నట్టు కబురు పంపాడని తెలిసింది. ఆయన ఉపసంహరించుకున్నా ఈ పత్రికాముఖంగా నేను వెనక్కి తగ్గను. టొరంటోకు కొత్తగా వచ్చిన కంప్యూటరు మేనేజరు పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.