ఆసుపత్రి పెద్దల మాట విధానంలోకి రావాలి

ప్రభుత్వం చెల్లించాల్సిన ఆరోగ్యశ్రీ బకాయిలు పేరుకుపోయినప్పుడే ఆసుపత్రుల నిర్వాహకులు, ప్రభుత్వం ముఖాముఖి కూర్చోవడం మన తెలంగాణలో ఆనవాయితీగా మారింది. 2025లో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసినప్పుడూ అదే జరిగింది. ఆపరేషన్ తేదీ ఖరారై, ఊళ్లో అప్పోసప్పో చేసి వరంగల్‌కు చేరిన రోగికి ఆ ప్రతిష్టంభన ఎంత నరకమో వేరుగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచడం మంచి నిర్ణయమే. కానీ పరిమితితో పాటు చెల్లింపుల గడువు, ఒక్కో చికిత్సకు చెల్లించే ప్యాకేజీ ధరలు, ప్రభుత్వ ఆసుపత్రుల సామర్థ్యం కూడా ఏటేటా సమీక్షకు రావాలి. ఆ సమీక్షకు ఆసుపత్రులు నడిపేవారు, ప్రభుత్వం క్రమం తప్పకుండా కలిసే వేదిక ఉండాలని, అందులో ఆసుపత్రుల అధిపతులకు శాశ్వత స్థానం దక్కాలని మా అభిప్రాయం.

వివిధ స్థాయుల ఆసుపత్రుల అధిపతులు ఇలా కలిసి కూర్చోవడం ముందుగా ప్రభుత్వ రంగంలోనే అవసరం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద, ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ కింద, బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుల కింద ఏళ్ల తరబడి నడుస్తూ వచ్చాయి. ఏటూరునాగారం నుంచి ములుగుకు, అక్కడి నుంచి వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు వచ్చే రోగి మాత్రం ఒక్కడే. కింది ఆసుపత్రిలో ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చారో రిఫరల్ చీటీలో లేకపోతే, పాము కాటుతో వచ్చిన రైతు కూలీ విషయంలో పై ఆసుపత్రి వైద్యుడు మళ్లీ మొదటి నుంచి ఆరా తీయాల్సి వస్తుంది. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వీటి అనుబంధ ఆసుపత్రుల్లో ఏ కేసులకు అక్కడే చికిత్స చేయాలో, ఏవి వరంగల్‌కు పంపాలో సూపరింటెండెంట్లు కలిసి తేల్చుకుంటే, కళాశాలల వల్ల రోగికి కలిగే మేలు కళ్లకు కనిపిస్తుంది.

గడ్డి మందు సంగతి మరీ బాధాకరం. పత్తి, మొక్కజొన్న చేలల్లో వాడే పారాక్వాట్‌కు విరుగుడు లేదు. కొద్ది మోతాదు తాగినా మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మనిషి స్పృహలోనే ఉండి, ఇంటివాళ్లతో మాట్లాడుతూనే రోజుల వ్యవధిలో ఊపిరాడక ప్రాణం విడుస్తాడు. కేరళ దీన్ని 2011లోనే నిషేధించింది. ఉత్తర తెలంగాణ ఆసుపత్రుల అధిపతులు తమ క్యాజువాలిటీ రిజిస్టర్లను ఒకచోట చేర్చి, ఏ మండలం నుంచి ఏ నెలలో ఇలాంటి కేసులు వస్తున్నాయో చూపిస్తే, వైద్యారోగ్య శాఖ ఒక్కటే కాదు, వ్యవసాయ శాఖ కూడా స్పందించక తప్పదు. ఒక్క వైద్యుడి ఆవేదన వినతిపత్రంగానే మిగిలిపోతుంది. పది ఆసుపత్రుల లెక్క ప్రభుత్వం ముందు సాక్ష్యమవుతుంది.

అయితే ఈ వేదిక ప్రైవేటు యాజమాన్యాల ధరల బేరానికి పరిమితం కారాదు. వాటి ప్రతినిధులు ఉండాల్సిందే. వారి కంటే ఎక్కువ సంఖ్యలో ప్రభుత్వ సూపరింటెండెంట్లు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల వైద్యాధికారులు, నర్సింగ్ సూపరింటెండెంట్లు ఉండాలి. రాత్రి డ్యూటీలో మందు లేక, మంచం లేక రోగి బంధువుల కోపాన్ని ముందుగా ఎదుర్కొనేది నర్సులే కాబట్టి, వారి మాటకు విలువ దక్కాలి. సమావేశ వివరాలు ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ప్రభుత్వం ఏ సిఫారసును ఎందుకు తోసిపుచ్చిందో రాతపూర్వకంగా చెప్పాలి.

ఇందుకు కొత్త భవనం, కొత్త సంస్థ అక్కరలేదు. రాష్ట్రంలోని వైద్య కళాశాలలకు అనుబంధం ఇచ్చే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. మూడు నెలలకోసారి అక్కడ ఈ సమావేశం జరపవచ్చు. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు సిద్ధమయ్యేలోపే మొదటి సమావేశం జరిగేలా వైద్యారోగ్య శాఖ ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాం.