జేడ్ ప్లాంట్ పప్పు

వైజాగ్‌లో సక్యులెంట్లు, అంటే దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు, పెంచడమంటే ఏటికి ఎదురీదడమే. వాటికి కావాల్సింది పొడి గాలి, మనకున్నది సముద్రం మీంచి వచ్చే జిడ్డు గాలి. ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో వానాకాలం వచ్చిందంటే బట్టలే ఆరవు, ఇంక కుండీలో మట్టి ఏం ఆరుతుంది? పుట్టిల్లు మెక్సికో అయిన ఎచెవేరియాని ముచ్చటపడి కొంటే, మొదలు కుళ్ళిపోయి, అలా ముట్టుకోగానే చేతికొచ్చేసింది. అన్నీ పోగా హాలు కిటికీ దగ్గర మిగిలింది ఒక్క జేడ్ ప్లాంటే. దానికి ఇసుక, నీళ్ళు నిలవనివ్వని పెర్లైట్ గుళికలు దండిగా కలిపిన మట్టి, వేలు గుచ్చి చూసి పూర్తిగా ఎండిందనుకున్నాకే నీళ్ళు. మా ఆయనకి కూడా నేనింత సేవ చెయ్యలేదు, ఆయనే అంటారు.

మా అత్తయ్యది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఆవిడ లెక్కలో మొక్కలు రెండే రకాలు: తినేవి, దండం పెట్టుకునేవి. వచ్చిన రోజే హాల్లో కుండీలన్నీ చూసి, "ఏటమ్మా ఇవి, కాయవు, పుయ్యవు, ఊరికే కూకుంటాయేటి?" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఆదివారం మేమిద్దరం రైతుబజారుకి వెళ్ళొచ్చేసరికి ఇంట్లో ఇంగువ తాలింపు ఘుమఘుమలు. పప్పు అద్భుతంగా ఉంది, మా ఆయన మారు వడ్డించుకుని మరీ అడిగారు, "గంగపాయల కూర ఎక్కడ దొరికిందమ్మా, బజారంతా వెతికినా లేదు?" అని.

"బజారెందుకురా, కిటికీ కాడ అంత గుబురుగా ఉంటేనూ! ముదిరిపోతాదని కోసేసినాను."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే ఎర్రటి కాడలు బోడిగా నిలబడి ఉన్నాయి, ప్రతి కాడ చివరా గోటితో గిల్లిన గుర్తు, ఇంకా తడారలేదు. నిజానికి ఆవిడని అనడానికేం లేదు. అదే ఎర్ర కాడ, అదే మందపాటి నున్నటి చిన్న ఆకు, పక్కపక్కన పెడితే నేనైనా తికమకపడతాను.

చెయ్యి కడుక్కోకుండానే ఫోన్‌లో వెతికాను. జేడ్ ప్లాంట్ పిల్లులకీ కుక్కలకీ విషం అని కనిపించింది. "కుక్కలకేనా, మొగుళ్ళకి కూడానా?" అని మా ఆయన టెన్షన్. ఇంకాస్త చదివితే తేలిందేమిటంటే, నర్సరీల్లో జేడ్ అనే పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు, రెండింటి సొంతూరూ దక్షిణాఫ్రికానే. పెద్ద ఆకులున్నది క్రాసులా ఒవాటా, విషం గొడవంతా దానిదే. మా ఇంట్లో ఉన్న చిన్నాకులది పోర్టులకేరియా ఆఫ్రా, దాన్ని అక్కడ ఏనుగులు మేస్తాయి, మనుషులు సలాడ్లలో వేసుకుంటారు. ఏనుగుల మాట వినగానే మా ఆయన స్తిమితపడి మళ్ళీ గరిట అందుకున్నారు.

అత్తయ్యకి మాత్రం ఈ హడావుడేమీ పట్టలేదు. ఆవిడ ఫిర్యాదు వేరే. పొద్దున్న ఓ ఆకు నమిలి చూస్తే పుల్లగా తగిలిందని పప్పులో చింతపండు వెయ్యలేదట, సాయంత్రం పచ్చడికని మిగిలిన కొమ్మలోంచి ఓ ఆకు తుంపి నోట్లో వేసుకుంటే చప్పగా ఉందట. "ఇదేం సెట్టమ్మా, మాట మీద నిలబడదు!"

ఆవిడ నాలుక చెప్పింది అక్షరాలా నిజం. ఎడారి గాలికి నీరు ఆవిరైపోకుండా ఈ మొక్క పగలు తన ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రిపూట సరుకులు తెచ్చుకుని పగలు వండుకునే మనిషిలా, చీకటి పడ్డాక కార్బన్ డయాక్సైడ్ పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, ఎండొచ్చాక దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లారేసరికి పులుపు, పొద్దుగూకేసరికి చప్పన. నేను ఇదంతా చేతులు తిప్పుతూ వివరిస్తే ఆవిడ తల పంకించి, "అయితే పప్పులోకి పొద్దున్నే కోసీవాలన్నమాట" అంది.

విచిత్రమేమిటంటే, కత్తిరించడానికి నేనెప్పుడూ భయపడే ఆ మొక్కకి, ఆవిడ గిల్లిన చోటల్లా జంట చిగుళ్ళు వచ్చాయి. ఇంక అత్తయ్యకి పట్టపగ్గాలు లేవు. సోఫా పక్కనున్న డీఫెన్‌బాకియా మీద పడింది చూపు.

"ఇది సామ జాతే కదేటి? సింతపండు పులుసు దండిగా పోస్తే దురద పోద్ది."

జాతి కరెక్టే, చామ కుటుంబమే. కానీ దీన్ని నమిలితే అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదులు గుచ్చుకుని నోరు మండిపోతుందని, నాలుక వాచిపోయి మాట కూడా సరిగ్గా రాదని గట్టిగానే చెప్పాను. అత్తయ్య కాసేపు ఆకు వంకే చూసింది.

"అంటే మాట రాదా?"

"రాదత్తయ్యా."

"అయితే మీ మావయ్యకి ఓ కొమ్మ పట్టికెళ్తాను."

ఊరికి బయల్దేరిన రోజు ఆవిడ సంచీ మొత్తం తడిమి చూశాకే ఆటో ఎక్కించాను.