అల్లుడిగారి కాళ్లేవి?

మొన్న ఆదివారం మా బావమరిది బ్రసెల్స్ నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టాడు. తెల్ల ప్లేటు, బటరు, వెల్లుల్లి, మధ్యలో ఆరు జతల బుల్లి కాళ్లు, స్విమ్మింగ్ పూల్లోకి దూకబోతున్న పిల్లకాయల కాళ్లలాగే. కింద "బావా, కప్ప కాళ్లు! టేస్టు అదుర్స్. మన దగ్గర ఇవి దొరకవు కదా" అని. మా ఆవిడ వెంటనే తమ్ముడికి హార్టు కొట్టింది. ఎవడి నోరు వాడిష్టం, తిననీండి. నాకు మండింది ఆ చివరి ముక్క దగ్గర. దొరకవట! ఒరేయ్, ఎందుకు దొరకవో ఆ ప్లేటునే అడగరా.

మన పూర్వీకులు పాపం అమాయకులు. ఒకటి పళ్లెంలో పెట్టేలోపు ఇంకోటి గెంతుతుంది, తూకం కుదరదు అని చేతులెత్తేసి, "కప్పల తక్కెడ" అని ఓ సామెత కట్టి, దాన్ని పార్టీ ఫిరాయింపులకి వాడుకుంటూ తరాలు గడిపేశారు. అసలు ఐడియా ఎక్స్‌పోర్టు వ్యాపారికి తట్టింది. కాళ్లు కోసేస్తే గెంతదు కదా! తక్కెడ నిలబడింది. ఎంత బాగా నిలబడిందంటే 1981లో ఒక్క ఏడాదే మన దేశం నుంచి 4 వేల టన్నులకు పైగా కాళ్లు ఓడెక్కాయి. ఫ్రాన్సువాళ్లు అప్పటికే తెలివిగా 1980లోనే తమ కప్పల్ని పట్టి అమ్మడం ఆపేశారు, వాళ్ల కప్పలు వాళ్లకి ముద్దు కదండీ, మనవేమో వాళ్లకి స్టార్టరు.

ఇప్పుడు వానల్లేవని ఊళ్లో కప్పల పెళ్లి చేస్తాం అనుకోండి. మన బోదురుకప్ప పెళ్లికొడుకుగా పుట్టిందే అన్నట్టుంటుంది, తొలకరి పడగానే మగదానికి ఒళ్లంతా పసుపు రాసినట్టు పచ్చగా మారిపోతుంది, గొంతు కింద రెండు నీలం బుడగలు ఉబ్బుతాయి, మైకు సెట్టు కూడా తనదే. మేళం వచ్చింది, వేపమండల పందిరి వేశారు, అమ్మాయి తండ్రి పళ్లెం చెంబు పట్టుకుని కూర్చున్నాడు, పురోహితుడు "అల్లుడిగారి కాళ్లు కడగండి" అన్నాడు. కాళ్లేవి? బ్రసెల్స్‌లో ఉన్నాయండి, డీప్ ఫ్రీజర్‌లో. సరే ఏడడుగులైనా కానిద్దామా అంటే అదెలా కుదురుతుంది, పోనీ అమ్మాయికి మెట్టెలు తొడుగుదామా అంటే ఆమెవీ అదే కంటైనర్‌లో వెళ్లిపోయాయి. కాళ్లు ముందే కలిసి హనీమూన్‌కి వెళ్లిన పెళ్లి ఇదొక్కటే అయ్యుంటుంది. వియ్యపురాలు మాత్రం ఎవరి కాళ్లకి ఎక్కువ డాలర్లు పలికాయో అడుగుతోంది.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతుంది. ఆ మగకప్ప ఆడకప్పని పిలుస్తూ రాత్రంతా అరుస్తుంది చూడండి, ఆ అరుపు వెంటే పెట్రోమాక్స్ లైట్లు పట్టుకెళ్లి గోనెసంచుల్లో నింపేవాళ్లు. గుడ్లు పెట్టకముందే. తర్వాత ప్రాణం ఉండగానే నడుము దగ్గర కోసి, కాళ్లు ఒక గిన్నెలోకి, మిగతా సగం కుప్పలోకి. ఆ మిగతా సగం వెంటనే చావదండీ! కుప్పలో ముందు చేతులతో పాకుతూ ఉంటుంది. దీన్ని విదేశీ మారకద్రవ్యం అన్నారు, సిగ్గు లేకుండా. పొలంలో పురుగుని ఉచితంగా తినేదాన్ని అమ్మేసి, ఆ డబ్బుతో పురుగుల మందు డబ్బా కొనుక్కున్న దేశం మనది.

1985లో బోదురుకప్పని అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా ఉండే సైట్స్ జాబితాలో ఎక్కించారు, 1987లో మనవాళ్లు ఎగుమతే ఆపేశారు, తర్వాత బంగ్లాదేశ్ కూడా. ప్లేటు మాత్రం ఆగలేదు. ఇండోనేషియాకి తిరిగింది, వియత్నాంకి, టర్కీకి తిరిగింది. 2010 నుంచి 2019 దాకా యూరప్ దిగుమతి చేసుకున్నది 4 కోట్ల కిలోల పైమాటే, కప్పల్లెక్కన చూస్తే 80 కోట్ల నుంచి 200 కోట్ల దాకా. అందులో సింహభాగం దిగింది బెల్జియంలో, అంటే మావాడి వీధి చివర. టర్కీలో ఇదే స్పీడులో పడితే కొన్నిచోట్ల 2032కల్లా నీటికప్ప మిగలకపోవచ్చని పరిశోధకుల లెక్క. ప్యాకెట్ మీద ఒక జాతి పేరు, లోపల ఇంకో జాతి కాళ్లు, అదో కామెడీ. కాళ్లకి ఆధార్ కార్డు ఉండదుగా.

ఇదంతా గ్రూపులో టైపు చేసి పెట్టాను. బావమరిది నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "బావా, అంత సీరియస్ ఎందుకు? జులైలో వస్తున్నా, ఊళ్లో కప్పల పెళ్లి చేయిద్దాం, రీల్ తీస్తా."

ఊళ్లో మా పెదనాన్నకి ఫోన్ చేసి కప్పలున్నాయా అనడిగా. "బోదురువి కనపడి చాన్నాళ్లయిందిరా. మన బాత్రూంలో చిన్నదొకటి ఉంది, అది ఆడదో మగదో తెలీదు. పనికొస్తుందా?"