సవరణ: ప్రైమరీలో గెలిస్తే ప్రతినిధులందరూ దక్కుతారా?

అమెరికా ప్రైమరీల (అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునేందుకు రాష్ట్రాలవారీగా జరిగే ఎన్నికల) గురించిన క్రితం టపాలో "రాష్ట్రంలో గెలిచినవారికే అక్కడి ప్రతినిధులందరూ దక్కుతారు" అన్న వాక్యం (ప్రతినిధులంటే పార్టీ మహాసభలో ఓటేసి అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లు) రిపబ్లికన్ పార్టీకి, అదీ కొన్ని రాష్ట్రాలలోనే, వర్తిస్తుందని గమనించగలరు. 2016లో సౌత్ కరోలినాలో ఓట్లు ఆరుగురి మధ్య చీలడంతో, మూడో వంతు ఓట్లయినా రాని ట్రంప్ మొత్తం 50 మంది ప్రతినిధులనూ గెలుచుకున్నారు. డెమొక్రాట్లు మాత్రం కనీసం 15 శాతం ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థులందరికీ నిష్పత్తి ప్రకారం ప్రతినిధులను పంచుతారు. అందువల్లనే 2008లో చిన్న రాష్ట్రమైన ఐడహోలో భారీ తేడాతో నెగ్గిన ఒబామాకు ప్రతినిధుల సంఖ్యలో లభించిన ఆధిక్యం, పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో నెగ్గిన హిల్లరీ క్లింటన్ ఆధిక్యానికి ఏమాత్రం తీసిపోలేదు. వింతగా తోచినా లెక్క అదే. ఇక డెమొక్రాటిక్ పార్టీ పెద్దలైన సూపర్ డెలిగేట్లకు, 2018లో మార్చిన నిబంధన ప్రకారం, ఫలితం ముందే తేలని పోటీలో మహాసభ తొలి విడత ఓటింగులో ఓటు లేదు.